సఖుడు లేని సవ్యసాచి

ఆప్తమిత్రుడు గతించినపుడు లోకము మనకిచ్చెడి ఓదార్పు మిక్కిలి స్వల్పము. బంధువు పోయిన యింట పదిదినములు పలుకరించువారుందురు, మైలయున్నది, కర్మయున్నది. మిత్రుని కోల్పోయినవాడో, మరునాడు యథావిధిగా కచేరికి పోవలసినదే. ప్రతి సాయంకాలమును ఒకే అరుగుపై కూర్చుండి, ఒక్క వార్తాపత్రికను చెరియొక కాగితముగ పంచుకొని చదివిన యిరువురు వృద్ధులలో ఒకరు పోగా, రెండవవారు తమ కాగితము ముగించి, అలవాటుచొప్పున ప్రక్కకు చేయిచాచి, అట్లే నిలిచిపోవుట నేను చూచితిని. బ్రదికియుండియే మనస్పర్ధచే దూరమైన స్నేహితుని విషయమున ఈ వ్యథ మరింత కఠినము. అచట మృత్యువును నిందించుటకైనను వీలులేదు.

మిత్రుని కోల్పోయిన దుఃఖమునకు భాగవత ప్రథమస్కంధమున గొప్ప తావు కలదు. కృష్ణుడు గతించిన పిదప ద్వారకనుండి మరలివచ్చిన అర్జునుడు, కాంతిదప్పిన మొగముతో ధర్మరాజు పాదములపై వ్రాలి, మాట పెగలక, ఎట్టకేలకు కన్నీరు తుడుచుకొని చెప్పనారంభించును. ఖాండవదహనము, జరాసంధవధ, కురుక్షేత్రమున రథము నడపిన వైనము మొదలగు మహాకార్యములనెల్ల చెప్పిన వానికి తుదకు గుండె కలచివేయునవి ఎంత చిన్నవి! కృష్ణుడు నవ్వుచు పిలిచిన పిలుపులు, ఒకే శయ్యపై పరుండుట, కలసి భుజించుట, 'నీవు మహాసత్యవాదివిలే' యని తాను ఎత్తిపొడువగా అతడు తండ్రివలె సహించుట. విశ్వరూపమును చూచి వణకి, ఏ చనవునకై గీత పదునొకండవ అధ్యాయమున క్షమాపణ వేడెనో, ఆ చనవే యిపుడు వానికి మిగిలిన ధనము. ఆ స్మరణ గాఢమగుకొలది, కాలముచేతను కర్మలచేతను మరుగుపడిన గీతోపదేశము మరల వాని మనస్సునకు వచ్చినదట. మరచిపొమ్మని మనము చెప్పెడి హితవు ఎంత పొరపాటో దీనివలన తెలియుచున్నది. మిత్రుని తలచి తలచి ఏడ్చినవానికే మిత్రుడు నేర్పినది దక్కినది.

భారతమందలి మౌసలపర్వమున మరియొక సంగతి కలదు. నాకు అదియే మిక్కిలి ప్రియము. అర్జునుడు కృష్ణుని ఆప్తజనమును ద్వారకనుండి వెంటనిడుకొని వచ్చుచుండగా పంచనదమున కర్రలు పట్టిన దొంగలు పైబడిరి. గాండీవమును ఎక్కుపెట్టుటయే దుర్భరమయ్యెను, దివ్యాస్త్రములు స్మరణకు రావయ్యెను, అక్షయతూణీరములు రిక్తములయ్యెను. కన్నులయెదుట స్త్రీలనేకులు అపహృతలైరి. ఆ యవమానమును మ్రింగికొని, మిగిలినవారిని కురుక్షేత్రమునకు చేర్చి, కృష్ణుని మునిమనుమడగు వజ్రునకు ఇంద్రప్రస్థమును, సాత్యకి కుమారునకు సరస్వతీతీరమును, కృతవర్మ కుమారునకు మార్తికావతమును ఇచ్చి నిలిపెను. ఈ కృతవర్మ యెవడు? అశ్వత్థామ ఉపపాండవులను నిద్రలో వధించిన రాత్రి, శిబిరద్వారమున కాపున్నవాడు. ఆ రాత్రి అర్జునుని కుమారుడును మడిసెను. అయినను, అది సఖుని వంశము. నిలువనీడ చూపవలసినది తానే. ఇదియంతయు నెరవేర్చిన పిమ్మటనే అతడు వ్యాసాశ్రమమున ప్రవేశించి, ఆ మహర్షి యెదుట తన దుఃఖమును చెప్పుకొనెను.