వరస కలిపిన దేవుళ్లు

నల్లమల కొండల కడుపులో ఎక్కడ పుడుతుందో ఏమో, మహానందిలో లింగం అడుగునుంచి నీరు ఊరుతూనే ఉంటుంది. ఎండలు మండినా, వానలు ముంచెత్తినా ఆ ధార ఆగదు. రుద్రగుండం అడుగున పడిన నాణెం కూడా పైకి తేటగా కనబడుతుంది. అక్కడినుంచి నీరు గుడి దాటి అరటితోటల్లోకి, వరిమళ్లలోకి నడిచిపోతుంది. చూసినవాళ్లెవరైనా ఆ నీటిని మెచ్చుకుంటారు. నా మనసు మాత్రం ఎప్పుడూ లింగం మీది గుర్తు దగ్గర ఆగిపోతుంది.

ఆ గుర్తుకు ఇక్కడివాళ్లు ఒక కథ చెబుతారు. అడవిలోకి మేతకు వెళ్లిన ఆవు ఒక పుట్ట దగ్గర నిలబడి పాలు వదిలేదట. పుట్టలోనుంచి పసిబాలుడి రూపంలో శివుడు వచ్చి తాగేవాడట. ఒకనాడు రాజు చాటుగా చూడబోయేసరికి ఆవు బెదిరి పుట్టమీద కాలు మోపింది. పుట్ట అణిగింది, లోపలి లింగం మీద గిట్ట అచ్చు పడింది. మహానందీశ్వరుడు నేటికీ ఆ అచ్చుతోనే పూజలందుకుంటున్నాడు. వచ్చినవాళ్లు ఆ లింగాన్ని చేతులారా తాకి మొక్కుకుంటారు. పాలిచ్చిన తల్లి తొక్కిన గుర్తును చెరుపుకోకుండా మోస్తున్న దేవుడు! మనల్ని ప్రేమించినవాళ్ల అడుగులు మన మీద పడకుండా ఉంటాయా? అవి పడ్డాకే కదా మనిషి నిండుగా మనిషయ్యేది!

ఈ సీమలో దేవుళ్లు ఒంటరిగా ఉండరు. మహానందితో కలిపి ఇక్కడ నవనందులున్నాయి. ప్రథమనంది, నాగనంది, సోమనంది నంద్యాలలోనే ఉంటే, మిగిలినవి మహానంది దారిలోనూ, ఆ చుట్టుపక్కలా కొలువుదీరాయి. కార్తీకమాసం వస్తే పొద్దు పొడిచినప్పుడు బయలుదేరి పొద్దు గుంకేలోగా తొమ్మిదింటినీ దర్శించుకోవాలని జనం ఆటోలు మాట్లాడుకుని గుంపులుగా వెళతారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు, అత్తాకోడళ్లు, తోడికోడళ్లు ఒకే బండిలో సర్దుకుంటారు. ఇక మహాశివరాత్రికి మహానందిలో స్వామివారి కల్యాణమైతే, నంద్యాలనుంచి బ్రహ్మనందీశ్వరుడు పెళ్లిపెద్దగా తరలివస్తాడు. లోకాలకే పెద్దయినవాడికి పెళ్లిపెద్ద! ఎంత గొప్పవాడైనా తన శుభకార్యానికి తనవైపు కూర్చునే మనిషి ఒకరుండాలని ఈ నేల నమ్మింది. ఆ నమ్మకానికి దండం పెట్టాలనిపిస్తుంది.

అక్కడినుంచి దక్షిణంగా ఆళ్లగడ్డ వైపు పోతే ఇంకా పెద్ద వింత ఉంది. సంక్రాంతి మరునాడు, కనుమ రోజున, అహోబిలం నరసింహస్వామి గుడి వదిలి పల్లెబాట పడతాడు. జ్వాలానరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో 40 రోజులకు పైగా, 30కి పైగా ఊళ్లు తిరుగుతారు. దీన్ని పారువేట అంటారు. పేరుకు వేట, అసలు పని పెళ్లిపిలుపు. ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల్లో జరిగే తన కల్యాణానికి రమ్మని స్వామి తానే ఊరూరికీ వచ్చి పిలుస్తాడు. శుభలేఖ పంపి ఊరుకోడు, మనిషి చేత కబురు పెట్టడు. బోయీల భుజాల మీద పొలిమేర దాటి వచ్చి, ఊరి నడుమ గద్దె మీద కూర్చుని, అందరి మొహాలూ చూసి మరీ పిలుస్తాడు.

పారువేట వచ్చిందంటే ఆ ఊరికి అదే పెద్ద పండగ. ఇళ్లకు సున్నాలు పడతాయి. ఆడబిడ్డలకు కబుర్లు వెళతాయి. బస్సు దిగిన చెల్లెలి చంకలోని బిడ్డను ముందు అందుకుని, "ఎప్పుడొస్తివి మ్మా? బాగుండావా?" అని అన్న అడుగుతాడు. భక్ష్యాల కోసం పూర్ణం రుబ్బుతూ వదినామరదళ్లు ఏడాది కబుర్లన్నీ ఒక్క పూటలో చెప్పుకుంటారు. మాటలు లేని అన్నదమ్ములు కూడా పల్లకి ముందు పక్కపక్కన నిలబడాల్సి వస్తుంది. అలా నిలబడ్డాక ఎవరో ఒకరు నోరు విప్పుతారు. దేవుడు ఊరికి వచ్చినందువల్ల మనుషులు ఒకరి దగ్గరికి ఒకరు వస్తారు. ఆయన తెచ్చే వరాల్లో ఇంతకన్నా పెద్దది నాకు కనబడదు.

ఆయన పెళ్లాడిన చెంచులక్ష్మి నల్లమల చెంచుల ఆడబిడ్డ. అందుకే చెంచులకు నరసింహుడు ఇంటి అల్లుడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రమూర్తి వాళ్ల గూడెంలో అల్లుడి హోదాలో నిలబడతాడు, వాళ్ల బాణాలకు వేడుకగా ఎదురొస్తాడు. ఇంకా దక్షిణంగా దేవుని కడపకు పోతే, ఉగాది నాడు ముస్లింలు వెంకటేశ్వరుడి గుడికి వస్తారు. స్వామి పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఇంటి బిడ్డ కాబట్టి ఆయన తమకు అల్లుడని వాళ్ల లెక్క. అడవికీ ఊరికీ, మతానికీ మతానికీ మధ్య ఇక్కడి పెద్దలు గోడ కట్టలేదు, వియ్యమందారు. ఎంతటి తెలివి! ఎంతటి దయ!

ఈ తెలివిని లోకం ఇప్పుడు లెక్కలు కట్టి తెలుసుకుంటోంది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం 1938లో కొంతమంది యువకుల జీవితాలను గమనించడం మొదలుపెట్టి, వాళ్లు ముసలివాళ్లయ్యేదాకా, ఆపై వాళ్ల పిల్లల కాలందాకా కొనసాగించింది. ఆ అధ్యయనానికి నేతృత్వం వహిస్తున్న రాబర్ట్ వాల్డింగర్ చెప్పే మాట ఒక్కటే: మంచి అనుబంధాలు మనిషిని సంతోషంగానూ ఆరోగ్యంగానూ ఉంచుతాయి. యాభయ్యో ఏట తన వాళ్లతో తృప్తిగా ఉన్నవాళ్లే ఎనభయ్యో ఏట ఎక్కువ ఆరోగ్యంగా కనబడ్డారు. 2010లో 148 పరిశోధనలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసినప్పుడు, బంధాలు గట్టిగా ఉన్నవాళ్లు బతికి ఉండే అవకాశం మిగతావాళ్లకన్నా సుమారు 50 శాతం ఎక్కువని తేలింది. మన అవ్వలు ఈ అంకెలు ఎరగరు. అయినా జ్వరపడిన పక్కింటికి గంజి పంపారు, బిడ్డ పోయిన తల్లి దగ్గర రాత్రంతా కూర్చున్నారు. రక్తం పంచుకోని మనిషికి కూడా చిన్నాయనా, పెద్దమ్మా, మామా అని ఒక వరస ఇచ్చి ఇంటివాణ్ణి చేసుకున్నారు.

మహానంది గుండంలో చూడండి. కాళ్లు వణికే ముసలమ్మ మెట్టు దిగబోతే, ఏ ఊరో ఎవరో తెలియని పిల్ల వచ్చి రెక్క పట్టుకుంటుంది. "నిమ్మళంగా అవ్వా" అంటుంది. ఆ పిలుపుతో ఆ ముసలమ్మ ఒంట్లోకి ఎక్కడలేని ధైర్యం వస్తుంది. నీటి మహిమ నీటిదే, ఆ చేతి మహిమ ఆ చేతిది.

మనవాళ్లు హైదరాబాదులో, బెంగళూరులో, సముద్రాల అవతల ఉన్నారు. తలుపులకు తాళాలు పెరిగాయి, పిలుపులు తగ్గాయి. ముందు వాళ్లే పలకరించాలని ఇద్దరూ బిగుసుకుని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. నరసింహుడు అలా కూర్చోలేదు. ఏటా తానే ముందు కదులుతున్నాడు. ఊరూరికీ వచ్చి పిలవడం ఆయనకే చిన్నతనం కానప్పుడు మనకెందుకవుతుంది? మాటలు మానేసిన అన్నకు, మరిచిపోయిన మేనత్తకు, ఊళ్లో ఒంటరిగా ఉన్న పంతులుగారికి ఈ రోజే ముందుగా మనమే కబురు చేద్దాం. వీలైతే కబురుతో ఆగకుండా వెళదాం. సుఖంగా బతకడానికి ఈ సీమ దేవుళ్లే పట్టిన దారి ఇది.