ప్రేమ నవలలును, హోషేయ భార్యయు

ధ్యానభాగము: హోషేయ 1, 3 అధ్యాయములు



సంవత్సరాంతము వచ్చుసరికి అమెరికా దేశపు క్రైస్తవ పాఠకులు ఆ యేట తమకు నచ్చిన ప్రేమ నవలల పేర్లు ఒకరికొకరు తెలుపుకొనుట వాడుక. అక్కడి క్రైస్తవ నవలలకు 2000వ సంవత్సరము నుండి క్రిస్టీ అవార్డు అను బహుమానము కూడ ఇచ్చుచున్నారు. కాథరిన్ మార్షల్ అను ఆమె 1967లో ప్రచురించిన ‘క్రిస్టీ’ నవలనుబట్టి దానికి ఆ పేరు వచ్చినది. నర్సు పని నేర్చి పరదేశములకు వెళ్లిన మన ఆడబిడ్డలు క్రిస్మసు సెలవులకు వచ్చునప్పుడు ఇట్టి పుస్తకములు తెచ్చుచున్నారు. “అయ్యగారూ, ఇవి చదువవచ్చునా?” అని మమ్మును అడుగుచున్నారు. వద్దని చెప్పుట సులభమే. కాని రూతు గ్రంథమును పరమగీతమును పరిశుద్ధ గ్రంథములో నుండగా, ప్రేమకథ అను మాట వినగానే ముఖము చిట్లించుట మనకు తగదు. గనుక మేమును కొన్నిటిని చదివితిమి.

ఈ కాలపు జీవితమును గూర్చిన నవలలు చాలమట్టుకు ఒకే అచ్చులో పోసినట్లున్నవి. పట్టణములో మనసు విరిగిన పిల్ల స్వగ్రామము చేరును. అక్కడ ఒక నెమ్మదిగల యువకుడుండును. ఇద్దరికిని పాత దుఃఖము. చివరకు క్షమాపణ, వివాహము. కాలక్షేపమునకు చెడ్డవి కావు. అయితే దేవుడు వాటిలో పెండ్లిండ్ల పేరయ్యవలె కనబడును. సంబంధము కుదిరెనా, ఆయనతో పని తీరినది!

అంతకంటె పాతవి రెండు మా మనస్సునకు పట్టినవి.

మొదటిది కెనడా దేశస్థురాలగు జానెట్ ఓక్ 1979లో ప్రచురించిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్లీ’. గూడుబండ్లలో పడమటి బీడుభూములకు వలసపోయిన జనుల కాలపు కథ అది. దారిలోనే భర్త చనిపోగా మార్టీ అను గర్భవతి దిక్కులేనిదాయెను. తల్లిలేని చిన్న కుమార్తెగల క్లార్క్ అను రైతు, ఆ బిడ్డకు తల్లిగా ఉండుమని ఆమెను వివాహమాడెను. తిరిగి వెళ్లగోరినయెడల ప్రయాణపు ఖర్చు తానే ఇచ్చెదనని మాట ఇచ్చి, ఆమెపై ఏ అధికారమును చెలాయింపక కాచుకొనియుండెను. పెండ్లి ముందు, ప్రేమ తరువాత. ఈ వరుస మన పెద్దలకు క్రొత్త కాదు. ఆ కాచుకొనియుండుట మాత్రము మన పురుషులు నేర్చుకొనవలసియున్నది.

రెండవది ఫ్రాన్సిన్ రివర్స్ వ్రాసిన ‘రిడీమింగ్ లవ్’. ఈమె మొదట లోకసంబంధమైన ప్రేమ నవలలు వ్రాసి, విశ్వాసములోనికి వచ్చిన తరువాత దీనిని వ్రాసెను. 1991లో అచ్చయినది, 1997లో సవరించి క్రైస్తవ ప్రచురణకర్తలు మరల అచ్చు వేసిరి, 2022లో సినిమాగా తీసిరి. సవరించినను ఇందులో కొన్ని ఘట్టములు చిన్నవారి చేతికి ఇయ్యదగినవి కావు. తల్లులారా, మీరు ముందు చదువుడి.

ఈ కథ హోషేయ గ్రంథమును ఆధారము చేసికొనినది. 1850 ప్రాంతమున కాలిఫోర్నియాలో బంగారము కొరకు జనులు ఎగబడిన దినములవి. పసితనముననే వేశ్యావృత్తికి అమ్మబడిన ఏంజెల్ అను ఆమెను మైకేల్ హోషేయ అను రైతు దేవుని మాటచొప్పున పెండ్లాడెను. ఆమె పారిపోవును, అతడు తెచ్చుకొనును, మరల పారిపోవును. చదువువారు ఈ మైకేలును చూచి కన్నీరు విడుచుదురు. మేము మాత్రము పౌలు అను వాని యొద్ద ఆగిపోతిమి.

పౌలు మైకేలు సోదరి భర్త. ఏంజెలును అతడు కంటికెదురుగ చూడలేడు. అట్టి స్త్రీ ఇంటికి తగదని అతని వాదము. అయితే ఆమె పారిపోవునప్పుడు దారిలో ఆమె దిక్కులేనితనమును ఆసరా చేసికొని ఆమెతో పాపము చేసినవాడు అతడే. మచ్చ ఆమెకే మిగిలెను. చివరకు ఆమె వెళ్లిపోయి యేండ్లు గడచిన తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో పట్టణమునకు పోయి, ఆమెను వెదకి, క్షమాపణ వేడుకొనినవాడును అతడే.

ఇప్పుడు హోషేయ 3వ అధ్యాయము తెరువుడి. ప్రవక్త ఆమెను 15 తులముల వెండియు, దానితో యవలును ఇచ్చి కొనెను. బానిసకు కట్టిన వెల నిర్గమకాండము 21వ అధ్యాయములో 30 తులములు. సగమే వెండి! చేత డబ్బు చాలక గాదెలోని ధాన్యము కొలిచి ఇచ్చెనేమో. యవలు పేదవాని తిండిగింజలు. తన సొంత భార్యను తన తిండిగింజలిచ్చి, ఊరివారు చూచుచుండగా కొని తెచ్చుకొనిన వాని సిగ్గును తలంచుడి. ఆ సిగ్గు ఆమెది కాదు, అతడు మోసినది.

మన పేటలలోను ఇట్టివారు లేరా? ఒకనితో వెళ్లిపోయి, వాడు విడిచిపెట్టగా తిరిగి వచ్చినవారు; భర్త తరిమివేయగా పుట్టింట నున్నవారు. ఆదివారమున గుమ్మము దగ్గర చెప్పుల ప్రక్కన కూర్చుండి, కడపటి ప్రార్థన కాకమునుపే లేచి పోవుదురు. పుస్తకములోని ఏంజెల్ కొరకు ఏడ్చిన కన్నులు వీరిని చూడవు. సంఘ క్రమశిక్షణ వద్దని మేము చెప్పుట లేదు, పశ్చాత్తాపము కావలసినదే. అయితే ఆమెను తీసికొనిపోయినవాడు ఆరు నెలలకే కానుక పళ్లెము పట్టుకొని తిరుగుచుండగా, ఆమెకు మాత్రము ప్రభువు బల్ల యెన్ని యేండ్లు దూరము? ఆడువారికొక శిక్ష, మగవారికొక శిక్షయని ఏ అధ్యాయములో నున్నది?

పెద్దలారా, రాబోవు ప్రభురాత్రి భోజనమునకు ముందుగా ఆ ఇండ్లకు వెళ్లుడి. బైబిలు స్త్రీనిగాని వృద్ధ సహోదరినిగాని వెంటబెట్టుకొని వెళ్లుట మంచిది. జరిగినదానిని తవ్వి అడుగవద్దు. ఆమె చెప్పినంత వినుడి. కథలో ఏంజెల్ తన అసలు పేరు శారా అని భర్తకు చెప్పినది కట్టకడపటనే. మనవారినైతే “పోయివచ్చినది” అని ఊరంతయు పిలుచుచున్నది. బాప్తిస్మపు రిజిస్టరులో ఆమె పేరు ఇప్పటికిని ఉన్నది. వెళ్లకమునుపు ఒకసారి తెరచి చూచుకొని, వాకిట నిలిచి ఆ పేరున పిలువుడి.