గంటకి నాలుగు మైళ్ళు

ఇంగ్లండులో కాలవల మీద పడవల్లోనే కాపురం ఉండేవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఏడడుగుల వెడల్పు, డెబ్భై అడుగుల దాకా పొడవు ఉండే ఇనప పడవ. అందులోనే పొయ్యి, పక్క, పుస్తకాలు. ఆ కాలవల మీద మామూలుగా వేగ పరిమితి గంటకి 4 మైళ్ళు. అంటే ఆరున్నర కిలోమీటర్లకి కాస్త తక్కువ, చురుగ్గా నడిచే మనిషి వేగం. మేడ్చల్ దగ్గర మేం ఎక్కే ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి గంటకి 120. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే ‘నిదానమే మేలు’ అని ఒక వ్యాసం దానంతటదే రాసుకుపోతుంది. అట్లాంటివి చాలా చదివాను. నాకు నచ్చవు.

నచ్చకపోవడానికి కారణం ఆ 4 మైళ్ళ నియమంలోనే ఉంది. అది పడవలో ఉన్నవాడి మనశ్శాంతి కోసం పెట్టింది కాదు. పడవ కదిలితే అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ అల పెద్దదై గట్టుని కోస్తుంది, గట్టుకి కట్టి ఉన్న పడవల్ని ఊపేస్తుంది. వాటిలో ఎవరో టీ కాచుకుంటూ ఉంటారు, ఎవరో పసిపిల్లని నిద్రపుచ్చుతూ ఉంటారు. అందుకే కట్టి ఉన్న పడవల పక్క నుంచి పోయేటప్పుడు ఆ నాలుగు మైళ్ళు కూడా ఎక్కువే, ఇంజన్ని దాదాపు ఆగిపోయేంతగా తగ్గించాలి. ‘నాకెంత వేగం హాయి’ అన్న ప్రశ్న అక్కడ రెండోది. ‘నా అల ఎవరికి తగులుతోంది’ అన్నది మొదటిది.

ఇంకో సంగతి, ఇంజనీరింగ్ చదివినవాడిగా నాకు ఇష్టమైనది. ఇరుకు కాలవలో థ్రాటిల్ ఎంత పెంచినా ఒక హద్దు దాటి లాభం ఉండదు. పడవ ముందుకు తోసిన నీళ్ళు దాని పక్కల నుంచీ కింద నుంచీ వెనక్కి రావాలి, దారేమో ఇరుకు. వేగం పెంచితే పక్కల నీటిమట్టం పడిపోతుంది, పడవ వెనక భాగం కుంగుతుంది. డీజిల్ కాలుతుంది, గట్టు కూలుతుంది, ఊరు మాత్రం త్వరగా రాదు. మా పనిలో దీనికి పోలిక వెతుక్కోనక్కర్లేదు. రెండు వారాలకోసారి ఒక ‘స్ప్రింట్’, అంటే పరుగు పందెం. అయిపోయిన మర్నాడే ఇంకో పందెం. ఎన్ని పాయింట్ల పని అయిందో దాని పేరు ‘వెలాసిటీ’. ఈ వెలాసిటీ పెంచమని పైనుంచి ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ పాయింట్లు పెరుగుతాయి, పని అంతే ఉంటుంది. శుక్రవారం సాయంత్రం హడావుడిగా వదిలిన కోడ్ అల, శనివారం రాత్రి సపోర్ట్ డ్యూటీలో ఉన్న ఏ కొత్త కుర్రాడికో తగులుతుంది.

మనకీ కాలవలున్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టాలో తవ్విన కాలవలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. రైళ్ళ కంటే కాలవలే ఈ దేశానికి మేలని కాటన్ దొర చివరిదాకా వాదించాడు. కాకినాడ నుంచి ఏలూరు, బెజవాడ, కొమ్మమూరు కాలవ, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలవ, అట్లా మద్రాసు దాకా నీటి దారి ఉండేది. ఆ కాలవల మీద ప్రయాణీకుల పడవని రాదారి పడవ అనేవాళ్ళు. షామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రోడ్డుకి రాజీవ్ రహదారి అని పేరు. రాదారి, రహదారి ఒకటే మాట. మొగలుల కాలంలో రాహ్‌దారీ అంటే దారిలో వసూలు చేసే సుంకం. దారికి సుంకం ఉంటుందన్న సంగతి మాట లోపలే దాక్కుని ఉందన్నమాట.

ఆ కాలవల మీద లాకులు ఉంటాయి. పైకాలవకీ కిందికాలవకీ నీటిమట్టం తేడా ఉన్నచోట, రెండు తలుపుల మధ్య పడవని నిలిపి, నీళ్ళు నింపో వదిలో మట్టం సమానం చేస్తారు. ఇక్కడ తొందర అసలు పనిచెయ్యదు. మూడు మీటర్ల వెడల్పు తలుపు, దాని వెనక మూడు మీటర్ల లోతు నీళ్ళు అనుకోండి. రెండు వైపులా మట్టాల్లో పది సెంటీమీటర్ల తేడా మిగిలినా ఆ తలుపు మీద తొమ్మిది వందల కిలోల బరువు ఉంటుంది. ఎవరూ తియ్యలేరు. తేడా సున్నా అయ్యాక మనిషి చేత్తో నెడితే తెరుచుకుంటుంది. జమీందారు పడవకైనా అరటిగెలల పడవకైనా అంతసేపే. ఎండాకాలం మరమ్మతులకి కాలవ కట్టేస్తే ఇక అదీ లేదు, నీళ్ళు వదిలేదాకా ఆగాల్సిందే.

ఈ ఆగడంలోనే బోలెడంత సాహిత్యం పుట్టింది. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ చదివినవాళ్ళకి రంగి గుర్తుండే ఉంటుంది. అదే దూరం బస్సులో అయితే ఒక అపరిచితుడికి ఆమె తన బతుకంతా చెప్పుకునే వ్యవధే ఉండేది కాదు. నిదానం మీద నాకున్న గౌరవమంతా ఇట్లాంటి చోట్లదే.

కానీ మా అపార్ట్‌మెంట్‌లో కోనసీమ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు, చిన్నప్పుడు ఆ పడవలెక్కినాయన. “బాగుండేదా అండీ?” అని ఉత్సాహంగా అడిగాను. “పడుకుంటే బాగానే ఉండేది బాబూ” అన్నారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ కుదరకపోతే తాడు. ఇద్దరు మనుషులు గట్టు మీద భుజానికి తాడేసుకుని పడవని లాగాలి. “వాళ్ళ మొహాలు ఎప్పుడూ చూళ్ళేదు. వీపులే గుర్తు” అన్నారాయన.

అప్పటినుంచి షామీర్‌పేట చుట్టుపక్కల ‘స్లో లివింగ్’ అని రాసి ఉన్న ఫామ్‌హౌస్ బోర్డులు చూస్తే నాకు ఆ వీపులే కనిపిస్తాయి. శుక్రవారం సాయంత్రం గచ్చిబౌలి నుంచి నూట ఇరవైలో వచ్చి, రెండు రోజులు నిదానంగా బతికి, ఆదివారం రాత్రి మళ్ళీ నూట ఇరవైలో పోతారు. ఆ రెండు రోజులూ తెల్లారకముందే లేచి నీళ్ళు పట్టి, ఊడ్చి, అర్ధరాత్రి గేటు తీసేది వాచ్‌మన్ కుటుంబం. అక్కడి నిదానం వాళ్ళ పరుగు మీద తేలుతోంది. తప్పంతా వచ్చినవాళ్ళదే అని కూడా అనలేను, వారమంతా వాళ్ళ వీపు మీద కూడా ఎవరిదో తాడు ఉంటుంది.

ఇదంతా నాకు ఎందుకు ముఖ్యమంటే, ఈ మధ్య నేను కూడా వేగం తగ్గించుకుందామని చూస్తున్నాను. ఇంటి నుంచే చేసుకునే చిన్న ఉద్యోగం ఒకటుంది, జీతం సుమారు సగం. మా ఆవిడ తుర్కపల్లి వైపు ఒక ల్యాబులో పనిచేస్తుంది. ఆమె పెంచే కణాలకి శనివారం, ఆదివారం తెలియవు. వాటికి మీడియా మార్చే వేళకి మార్చాలి, ఆమె నడక వాటి నడక. తనకది ఇష్టం కూడా. నేను సగం జీతంతో నిదానిస్తే ఇంటి లోను తాడు ఎవరి భుజానికి పోతుందో లెక్క కట్టడానికి ఎక్సెల్ అక్కర్లేదు. ఆమె వద్దనలేదు. “నీ ఇష్టం, కానీ నేను ఆగను” అంది. అందులో కోపం లేదు. రెండు వేగాలున్న మనుషులు ఒకే పడవలో ఉంటే సరైన వేగం ఎవరిదన్నది నాకింకా తేలలేదు. సగటు తీసుకుంటే సరిపోతుందని మాత్రం అనుకోను. లాకులో మట్టాలు సమానమైనట్టు మనుషులు సమానం కారు.

ఇంగ్లండులో కాలవ కాపురానికి ఇప్పుడున్న మోజుకి మూలపురుషుడు అనదగ్గవాడు ఎల్.టి.సి. రోల్ట్. ఆయన కూడా ఇంజనీరే. 1939లో పెళ్ళి చేసుకుని, భార్య ఏంజెలాతో ‘క్రెస్సీ’ అనే పడవలో కాపురం పెట్టాడు. 1944లో అచ్చయిన ఆయన ‘నారో బోట్’ చదివి ఎంతోమంది కాలవల వైపు తిరిగారు. రెండేళ్ళకి కాలవల్ని కాపాడే సంఘం మొదలైంది. ఇప్పుడు అక్కడి చట్టం ప్రకారం సొంత రేవు లేని పడవ ఒకేచోట పద్నాలుగు రోజులకి మించి ఉండకూడదు, నిజంగా ప్రయాణం చేస్తూ ఉండాలి. మా స్ప్రింట్ కూడా పద్నాలుగు రోజులే, అది వేరే సంగతి. రోల్ట్ దంపతుల పడవ కాపురం మాత్రం 1951లో ముగిసింది. నిదానపు బతుకు గురించి అంత అందంగా రాసిన ఆయన గట్టెక్కి, వేల్స్‌లో ఒక చిన్న రైలుమార్గాన్ని బతికించే పనిలో పడ్డాడు. తర్వాత గ్లాస్టర్‌షైర్‌లో ఒక ఇంట్లో స్థిరపడ్డాడు. ఏంజెలాకి ఒకచోట ఉండటం ఇష్టం లేకపోయింది. ఆమె బిల్లీ స్మార్ట్ సర్కస్‌లో చేరి, దానితో పాటు ఊరూరూ తిరిగింది.