చివర వ్రాసిన మూడు అక్షరములు



గతించిన సంగీత విద్వాంసులను తలంచునప్పుడు మనము వారి ఘనతనే లెక్కించుచుందుము. హెబ్రీ పత్రిక 13వ అధ్యాయమైతే మనకు ముందు నడచినవారి విశ్వాసమును చూడుమనుచున్నది.

జర్మనీ దేశస్థుడైన యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1685లో జన్మించెను. పదేండ్లు నిండకమునుపే తల్లిదండ్రులను కోల్పోయెను. 1720లో ఆయన ఊరలేని వేళ భార్య మరణించెను. తిరిగివచ్చుసరికి భూస్థాపనయు జరిగిపోయెను. ఇరువదిమంది బిడ్డలలో పదిమంది మాత్రమే పెరిగి పెద్దవారైరి. అయినను తన సంగీత ప్రతులనేకముల చివర ఆయన మూడు లాటిను అక్షరములు వ్రాసెను. దేవునికి మాత్రమే మహిమ అని వాటి భావము.

1723 మొదలుకొని 27 సంవత్సరములు లైప్జిగ్ పట్టణపు పరిశుద్ధ తోమా దేవాలయములో గాయకబృందమును నడిపెను. కంటి శస్త్రచికిత్సలు రెండును విఫలమై, 1750 జూలై 28న ప్రభువునందు నిద్రించెను. అప్పుడు సమాధిపై గురుతు రాయియైనను లేకుండెను. మత్తయి సువార్తలోని శ్రమలకు ఆయన కూర్చిన సంగీతము మరుగునపడెను. 1829లో ఇరువదేండ్ల మెండెల్సన్ బెర్లినులో దానిని మరల వినిపించెను.

ఆ దినము రాకపోయినను ఆ పాట వ్యర్థము కాదు. అది ఎవరికి అర్పింపబడెనో ఆయన దానిని ముందే వినియుండెను.

మన సంఘములలోను హార్మోనియము వాయించి, పిల్లలకు కీర్తనలు నేర్పి గతించినవారు కలరు. వారి పేర్లు ఏ గ్రంథములోను లేవు. వచ్చు ఆదివారమున వారు నేర్పిన కీర్తన పాడునప్పుడు వారినిబట్టి దేవుని స్తుతించుడి. మీ పాట ఎవరి కొరకో మిమ్మును మీరే ప్రశ్నించుకొనుడి. ఆమేన్.