అనిర్వేదము - దేహభార నియమము

ఫలము వెంటనే కనిపించు కార్యమును చేయుటకు ఓర్పు అక్కరలేదు. దీపము వెలిగించిన మరుక్షణమే చీకటి తొలగును. దాహము వేసినవాడు నీరు త్రాగిన తత్‌క్షణమే తృప్తి కలుగును. కాని కొన్ని కార్యములందు నేటి కృషికి ఫలము నేడు కానరాదు, రేపును కానరాదు. అట్టివానిలో దేహభారమును తగ్గించుకొనుట యొకటి. ఇది వైద్యుల విషయము కదా, భక్తులు చదువుకొను పుటలలో దీనికి చోటేల యని కొందరు శంకింపవచ్చును. శంక యుక్తమే. ఎవరి బరువు ఎంత యుండవలెనన్నది వైద్యుడు చెప్పవలసిన మాట. అయితే చేసిన ప్రయత్నము ఫలింపనట్లు తోచినప్పుడు మనస్సు ఏ విధముగ నిలువవలెనన్నది మాత్రము ధర్మవిచారమే. ఆ యంశమునే యిచట కొంత పరిశీలింతము.

మా మంచిర్యాల ప్రాంతమున రెండు తరముల క్రిందట జొన్నగటుక, జొన్నరొట్టె, అంబలి నిత్యాహారములు. వరియన్నము పండుగనాటి వంటకము. బొగ్గుగనులలో తట్టలతో బొగ్గు మోసి టబ్బులు నింపినవారు, గోదావరి యొడ్డున నాగలి పట్టినవారు తిన్నదంతయు చెమటగ మార్చెడివారు. పిమ్మట కాలువల నీరు వచ్చినది. 1983 లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది. ఆకలి తీరుట మహోపకారమే. దానిని తక్కువ చేసి పలుకరాదు. అయితే తట్టల పని క్రమముగ యంత్రముల పాలైనది. కాలినడక మోటారు బండ్ల పాలైనది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను బట్టి తెలంగాణమున 15 నుండి 49 ఏండ్ల లోపు స్త్రీలలో నూటికి సుమారు 30 మంది, పురుషులలో సుమారు 32 మంది ఉండవలసినదానికంటె అధికభారము గలవారు. కావున ఇది ఏ యొక్కరి తిండిపోతుతనమని నిందింపదగిన విషయము కాదు. పని మారినది, పళ్లెము మారినది. ఆకలి మాత్రము పూర్వపుదే.

గూడెము గుట్టపై సత్యనారాయణస్వామిని సేవింపబోయి మోకాళ్లు పట్టుకొని కూర్చుండువారు, తిరుమలకు కాలినడకన పోవుదమన్న ఊపిరి చాలనివారు మన కుటుంబములలోనే కలరు. అట్టివారు కొందరు వచ్చి, "పంతులుగారూ, మూడు నెలలనుండి రాత్రి అన్నము బందుపెట్టినాను, తెల్లవారుజామున నడుచుచున్నాను. మొదటి నెల మూడు కిలోలు తగ్గినాను. ఇప్పుడు కాంటా ముల్లు కదలుట లేదు. నేను చేసిన పాపమేమి?" అని అడుగుట కలదు. ఆ ప్రశ్నలో వేదన యున్నది. దానిని నవ్వి త్రోసివేయరాదు.

మొదట లౌకికకారణమును తెలిసికొనవలెను. తెలియనిచోటనే దైవమును, పాపమును నిందించుట మొదలగును. ఆహారము తగ్గించిన తొలిదినములలో శరీరము తాను దాచుకొనిన పిండిపదార్థమును ఖర్చు చేయును. ఆ పదార్థము తనతోపాటు మూడింతల నీటిని పట్టియుంచును; అది పోయినప్పుడు నీరును పోవును. తొలిదినములలో కనిపించు వేగములో అధికభాగ మీ నీటిదే. తరువాత తరుగవలసినది కొవ్వు. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి యుండును. దినమునకు 500 కేలరీలు తగ్గించిన వారమునకు అరకిలో మాత్రమే తరుగును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు క్షేమకరమని చెప్పిన వేగమును వారమునకు అరకిలోయే. అనగా దినమునకు 70 గ్రాములు. ఒక చెంబెడు నీరు త్రాగిన అరకిలో పెరుగును. ఉప్పు కొంచెము ఎక్కువైన ఆ నీరు దేహములో నిలిచిపోవును. ఇక ప్రతిదినమును కాంటా యెక్కి చూచువానికి ఆ 70 గ్రాములు ఎట్లు కనిపించును? అతడు చూచుచున్నది నీటి రాకపోకలనే గాని కొవ్వును గాదు. మరియు దేహము చిన్నదైనకొలది దాని పోషణకు కావలసిన ఆహారమును తగ్గును. కావున మొదట ఫలించిన నియమమే పిదప మందగించును. ఇది దేహధర్మము, శిక్ష కాదు.

మన పూర్వులకును ఈ నెమ్మది తెలిసినదే. చరకసంహిత సూత్రస్థానమున స్థౌల్యమును గూర్చి యొక ప్రత్యేకాధ్యాయము కలదు. అందు అతిస్థూలుని, అతికృశుని ఇరువురిని విచారించి, స్థూలునికే చికిత్స కష్టమని చరకాచార్యుడు నిర్ణయించెను. యవలు, పెసలు, ఉలవలు, మజ్జిగ మొదలగువానిని పథ్యములుగ చెప్పి, వ్యాయామమును ఒక్కసారిగ గాక క్రమముగ పెంచవలెననెను. అదే గ్రంథమున వేరొకచోట, చెడు అలవాటును పాదము పాదముగ విడువవలెనని, అట్లు విడిచినదే మరల తలయెత్తదని బోధించెను. వేగముగ పోయినది వేగముగనే తిరిగివచ్చుట మనము నిత్యము చూచుచున్నదే. కావున ఆలస్యము చికిత్సకు విఘ్నము గాదు. అదియే చికిత్స నడచు తీరు.

కారణము తెలిసినను మనస్సు నిలువదు. ఇచటనే శాస్త్రమును, పురాణమును మనకు తోడు రావలెను. ఇంటింట సుందరకాండ పారాయణము చేయుచున్నాము. అందు హనుమంతుని పరాక్రమము మనకు నోటికి వచ్చును. అతని నిరాశను మాత్రము త్వరగ దాటిపోవుచున్నాము. నూరు యోజనముల సముద్రమును దాటినవాడు లంకలో ఇల్లిల్లు వెదకెను. రావణుని అంతఃపురమును, పానశాలను, పుష్పకమును చూచెను. సీత కానరాలేదు. అంతటివాడును క్రుంగిపోయెను. అప్పుడు ఉత్సాహము విడువకుండుటయే శ్రేయస్సునకు మూలమని తనకు తానే చెప్పుకొని మరల వెదకెను. ఈ గుణమునకే అనిర్వేదమని పేరు. గమనింపవలసిన దేమనగా, ఒకసారి ధైర్యము చెప్పుకొన్నంతమాత్రమున అతని నిరాశ తీరలేదు. మరల వెదకి మరల విఫలుడై, మునుపటికంటె అధికముగ దుఃఖించెను. తిరిగి కిష్కింధకు పోవుటయే వలదనుకొనెను. ఆ పిమ్మటనే అశోకవనము కంటబడినది. "ఇది నేనింకను వెదకని చోటు" అని అతనికి తోచినది. సీత అచటనే యుండెను.

ఇందు మనకు రెండు పాఠములు కలవు. ఒకటి, నిరాశ మరల మరల వచ్చును. వచ్చుట దోషము గాదు. రెండవది, అనిర్వేదమనగా కన్నులు మూసికొని చేసినదానినే చేయుట గాదు. వెదకని చోటును వెదకుట. ముల్లు కదలనప్పుడు, నేను చూడని మూల యేదని అడుగుకొనవలెను. రాత్రి అన్నము మానినవారు సాయంత్రము సకినములు, సర్వపిండి ఎంత తినుచున్నారో లెక్కించుట లేదు. దినమునకు నాలుగుసార్లు త్రాగు చాయలోని చక్కెర, కూరలోని నూనె వారి యశోకవనములు. మరికొందరికి ఆ మూల ఆహారమున గాక నిద్రలేమిలోనో, థైరాయిడు వంటి వ్యాధిలోనో, వాడుచున్న మందులోనో యుండును. దానిని వైద్యుడే వెదకవలెను.

భగవద్రామానుజులు శ్రీభాష్యమున భక్తిసాధనకు ఏడు అంగములను పూర్వాచార్యుల మతముగ నిరూపించిరి. అవి వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము. వివేకమనగా ఇచట ఆహారశుద్ధిచే కాయమును శుద్ధముగ నుంచుకొనుట. అనగా భక్తిసోపానమునకు మొదటి మెట్టే భోజనపు పళ్లెము వద్ద నున్నది. చివరి రెండును మన విషయమునకు ప్రాణమువంటివి. అనవసాదమనగా దైన్యముచే మనస్సు మాసిపోకుండుట. అనుద్ధర్షమనగా అతిసంతోషముచే ఒడలు మరువకుండుట. ఇవి భగవదుపాసనకు చెప్పబడినవేగాని బరువు తగ్గుటకు గాదని నేనెరుగుదును. పెద్ద సాధనకు కావలసిన గుణములు చిన్న నియమమునందు అలవడిన నష్టమేమి? వంటయింట నిలువని ధైర్యము ధ్యానమున నిలుచునా?

దైన్యము చెరుపునని అందరకు తెలియును. సంతోషము చెరుపునన్నది తెలియదు. ఒక కిలో తగ్గినదని తెలిసిన దినముననే మిఠాయి పొట్లము విప్పువారు పెక్కురు. ఏకాదశినాడు ఫలాహారమను పేర సగ్గుబియ్యపు ఉప్మా, బంగాళాదుంప వేపుడు కడుపునిండ తిని, ద్వాదశి పారణలో రెండు దినముల భోజనమును ఒక్కపూట చేయువారును కలరు. ఉపవాసమనగా స్వామి సమీపమున వసించుట. దానిని కాంటాతో కొలువరాదు. అట్లని ఆ పేరుతో దేహమును మోసగింపను రాదు. మధుమేహమునకు మందు వాడువారు వైద్యుని అడుగకుండ ఉపవసింపరాదని ఈ సందర్భమున హెచ్చరించుట నా విధి.

ప్రసాదమును గూర్చియు సందేహము వచ్చును. పులిహోర, చక్కెరపొంగలి, దధ్యోదనము, లడ్డు - వీనిని కాదనుట అపచారము కాదా యందురు. కాదనరాదు, కన్నుల కద్దుకొని స్వీకరింపవలెను. కాని ప్రసాదమునకు ఫలము పరిమాణమును బట్టి గాదు. తులసీదళమంత తీర్థముతో తృప్తిపడు సంప్రదాయము మనది. కణమాత్రము స్వీకరించి తక్కినది పదిమందికి పంచినవాడు ప్రసాదమును తగ్గించినవాడు గాడు, పెంచినవాడు.

గృహిణుల విషయ మొకటి చెప్పవలసియున్నది. ఇంటిల్లిపాది తినగా మిగిలిన అన్నమును పారవేసిన పాపమని ఇల్లాలు తానే తినును. అన్నమును గౌరవించు ఆ బుద్ధి పవిత్రమైనది. అయితే అక్కరకు మించిన యన్నమును తన దేహమున దాచుట అన్నమునకు గౌరవము గాదు. పిడికెడు బియ్యము తక్కువ పోయుట, మిగిలినది ఆకలిగొన్నవారికి పెట్టుట గౌరవము. ఇది ఆమె యొక్కతె నియమము గాదు, ఇంటివారందరిది. ఆమెకు గంజి పోసి తాము వేపుడు తినుచు, "ఇంకను తగ్గలేదేమి?" యని పరిహసించు కుటుంబము ఆమె ధైర్యమును కొల్లగొట్టుచున్నది. ఒకరి దేహమును జూచి నవ్వుట స్వామి యుండు కోవెలను జూచి నవ్వుటయే యగును.

ఇక ముల్లు కదలనప్పుడు ఫలమే లేదా? దీనికి చెన్నైలో డాక్టరు ఎ. రామచంద్రన్ గారి బృందము జరిపి 2006 లో ప్రకటించిన పరిశోధన సమాధానము చెప్పుచున్నది. మధుమేహము అంచున నున్న 531 మందిని రమారమి రెండున్నర సంవత్సరములు పరిశీలించిరి. ఏ ప్రత్యేకనియమము లేనివారిలో నూటికి 55 మందికి మధుమేహము వచ్చినది. ఆహారనియమము, నడక పాటించినవారిలో నూటికి 39 మందికే వచ్చినది. ఆశ్చర్యమేమనగా, నియమము పాటించినవారి బరువు చెప్పుకొనదగినంత తగ్గలేదు. కాంటా చూపలేదు గాని, రక్తమునందు మేలు జరుగుచునే యున్నది. భూమిలో వేరు దిగుచుండగా పైన చిగురు కానరానంతమాత్రమున విత్తనము చచ్చినదని త్రవ్విచూచు రైతును ఎవ్వరు మెచ్చుకొందురు?

ఫలాపేక్ష వలదన్నచో ప్రయత్నమే ఏల యని తార్కికులు అడుగవచ్చును. గమ్యము దిక్కును చూపుటకు. నేటి ధర్మము అడుగు వేయుటకు. వారమున కొక్కసారి, ఒకే వేళకు బరువు చూచుకొనుట చాలును. ప్రతిదినము వ్రాసికొనవలసినది బరువును గాదు, నియమము నడచినదా లేదా యన్నదానిని. బరువు మన చేతిలో లేదు, నియమమున్నది. ఒకనాడు నియమము తప్పిన, సర్వము పోయినదని మిగిలిన వారమంతయు తినివేయుట అవివేకము. సంధ్యకు కాలమతిక్రమించిన ప్రాయశ్చిత్తార్ఘ్య మిచ్చి సంధ్య వార్చుచున్నాము గాని, ఆనాటితో సంధ్యయే మానుచున్నామా? ఒకనాడు దీపము పెట్టుట మరచిన ఇల్లాలు మరునాడు పెట్టును. పూజగదికి తాళము వేయదు.

అలిపిరి మార్గమున 3,550 మెట్లు కలవు. గాలిగోపురము వరకు ఏటవాలుగ ఎక్కి, అలసిన యాత్రికునకు తరువాత చాల దూరము బాట ఇంచుమించు సమముగ సాగును. అచట ఎత్తు పెరుగదు. కాని స్వామి సన్నిధికి దూరము అడుగడుగునకు తరుగుచునే యున్నది. ఎత్తు పెరుగుట లేదని అచటినుండి వెనుకకు మరలిన భక్తుని నేనెన్నడు వినలేదు. ప్రతి మెట్టునకు పసుపు కుంకుమలు పెట్టుచు ఎక్కు తల్లులను చూడుడు. వారికి మిగిలిన మెట్ల లెక్క అక్కరలేదు. ముందున్న మెట్టే వారి పూజ. ముల్లు నిలిచిపోయిన దినములు ఆ సమమైన బాటవంటివి. అచట నడచుటయే ఎక్కుట.

కైంకర్యమునకు ఉపకరణముగ లభించిన ఈ దేహమును ద్వేషింపక, లాలింపక, తగినట్లు కాపాడుకొను బుద్ధిని, ఫలము ఆలస్యమైనను చెదరని అనిర్వేదమును శ్రీనివాసుడు మనకెల్లరకు అనుగ్రహించుగాక.