నీ ఇష్టం

మా నాన్న ఫోన్లో ఒక మాట ఎక్కువగా వాడడం మొదలుపెట్టాడు. "నీ ఇష్టం రా." డాక్టర్ని మారుద్దామా నాన్నా అంటే నీ ఇష్టం. వంటామె జీతం పెంచనా అంటే నీ ఇష్టం. ఇంటికి సున్నం వేయిద్దామా అంటే అదీ నీ ఇష్టమే. మొదట్లో నాకు సంతోషమే వేసింది. జన్మలో నా మాట ఖాతరు చెయ్యని మనిషి ఇన్నాళ్ళకి వింటున్నాడు కదా అనుకున్నాను. అది వినడం కాదు, వదిలెయ్యడం అని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

మాది దివిసీమలో ఓ పల్లె. అమ్మ పోయాక నాన్న అక్కడ ఒక్కడే ఉంటున్నాడు. ఇప్పుడు ఆయనకి డెబ్భై ఎనిమిది. నేను న్యూజెర్సీలో కన్సల్టింగ్ ఉద్యోగం చేసుకుంటున్నాను. ఇక్కడికి రమ్మంటే రెండుసార్లు వచ్చి, రెండుసార్లూ ఆర్నెల్లు పూర్తి కాకుండానే వెళ్ళిపోయాడు. ఇక నాలాంటి వాళ్ళందరూ చేసేదే నేనూ చేశాను. ఇంటికి నాలుగు కెమెరాలు పెట్టించాను. మందులు నెలనెలా ఇంటికే వచ్చే ఏర్పాటు, కరెంటు బిల్లు ఇక్కడినుంచే కట్టడం, పొద్దునా సాయంత్రం వండిపెట్టే మనిషి. పొలం ఆయన చెయ్యలేడని నేనే ఫోన్లో మాట్లాడి కౌలుకిచ్చాను. కాలవగట్టు మీద మోపెడ్ జారి మోకాలు కొట్టుకుపోయిందని తెలిసిన రోజున మా పెదనాన్నగారి అబ్బాయికి ఫోన్ చేసి, "అన్నయ్యా, ముందు ఆ బండి అక్కణ్ణించి తీసెయ్" అన్నాను. వారంలో అమ్మేశాడు. నాన్న ఏమీ అనలేదు. "నీ ఇష్టం" అన్నాడు.

మా వృత్తిలో నడుస్తున్న సిస్టమ్‌ని రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉంటాం. ఎక్కడ కొంచెం తేడా వచ్చినా సెల్‌ఫోన్ మోగాలి. నాన్నని కూడా నేను ఒక సర్వర్‌ని చేసేశాను. అడ్మిన్ హక్కులన్నీ నావి. ఆయనకి మిగిలింది చూస్తూ కూర్చోవడం.

జూలియన్ రాటర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1966లో 29 జతల వాక్యాలతో ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. జీవితంలో జరిగేదానికి పగ్గాలు మన చేతిలో ఉన్నాయనుకుంటామా, లేక అదృష్టం చేతిలోనో పైవాళ్ళ చేతిలోనో ఉన్నాయనుకుంటామా అన్నది దానితో తేల్చడానికి ప్రయత్నించాడు. పగ్గాలు తమ చేతిలో ఉన్నాయనుకునేవాళ్ళు మొత్తం మీద ఆరోగ్యంగా, హుషారుగా ఉంటారని ఆ తర్వాత చాలామంది రాశారు. నేను మరీ ఎక్కువగా ఆలోచించింది మాత్రం ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ కలిసి కనెక్టికట్‌లోని ఓ వృద్ధాశ్రమంలో చేసి 1976లో ప్రచురించిన ప్రయోగం గురించి. ఒక అంతస్తులోని ముసలివాళ్ళకి, "మీ గది మీ ఇష్టం వచ్చినట్టు సర్దుకోండి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి, ఇదిగో ఈ మొక్క మీది, నీళ్ళు మీరే పోసుకోవాలి" అని చెప్పారు. రెండో అంతస్తులోనూ మొక్కలిచ్చారు, సినిమా వేశారు. కాకపోతే నీళ్ళు నర్సులు పోశారు, సినిమా రోజు వాళ్ళే నిర్ణయించారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే మొదటి అంతస్తులో పోయినవాళ్ళు నూటికి 15 మంది, రెండో అంతస్తులో 30 మంది. మొత్తం కలిపి వందమంది కూడా లేని ప్రయోగం కాబట్టి ఆ లెక్కని మరీ పట్టుకు వేళ్ళాడక్కర్లేదు. అయినా నన్ను కుదిపింది ఆ అంకెలు కాదు. రెండో అంతస్తులో ఎవరూ ఎవర్నీ నిర్లక్ష్యం చెయ్యలేదు. బాగానే చూసుకున్నారు. నాలాగే.

అయితే నాన్నని "అంతా దైవం" అనే కోవలో వేసేస్తే పొరపాటు. 1977 నవంబర్ 19 ఉప్పెనకి ఆయనకి ముప్ఫై ఏళ్ళు. ఊళ్ళో ఒకే ఒక్క డాబా మీద రాత్రంతా నిలబడి బతికాడు. కోతకొచ్చిన వరి, రెండు జతల ఎడ్లు, ఇల్లు అన్నీ సముద్రంలో కలిశాయి. ఆ ఉప్పెనలో పోయినవాళ్ళు పదివేల మందికి పైనే. దాని గురించి ఎప్పుడడిగినా "దైవం" అంటాడు, అంతే. కానీ నీళ్ళు తీసిన వెంటనే ఉప్పెక్కిన చేలోకి కాలవ నీళ్ళు పెట్టి, కడిగి, మళ్ళీ పెట్టి కడిగి, మరుసటి ఏడు నాట్లు వేసింది ఆయనే. 1990 మేలో మళ్ళీ ఈ తీరం మీదే పెద్ద తుఫాను విరుచుకుపడింది. ఈసారి ముందే హెచ్చరికలొచ్చాయి, తుఫాను షెల్టర్లున్నాయి, జనాన్ని తరలించారు. చనిపోయినవాళ్ళ సంఖ్య వెయ్యికి చేరలేదు. దాని గురించి అడిగితే నాన్న దైవం ఊసెత్తడు. "ముందే చెప్పారు, వెళ్ళాం" అంటాడు. పదమూడేళ్ళలో దైవం పొలిమేర కొంచెం వెనక్కి జరిగిందన్నమాట. గీత 18వ అధ్యాయంలో ఒక పని జరగడానికి ఐదు కారణాలు చెబుతూ దైవాన్ని చివర, ఐదోదిగా లెక్కపెట్టారు. నాన్న ఆ అధ్యాయం చదివాడని నేననుకోను గానీ, రైతు లెక్క కూడా అదే వరసలో ఉంటుంది. దుక్కి, విత్తనం, ఎరువు, నీరు, ఆ తర్వాత ఆకాశం.

నేను అలా కాదు. నా లెక్కలో ఐదోది లేదు. అమ్మ పోవడానికి నెల ముందు ఫోన్లో ఆయాసంగా ఉందిరా అంది. గ్యాస్ అయ్యుంటుంది, రాత్రిళ్ళు పెరుగు మానెయ్ అన్నాను. ఆ నెలలోనే గుండెపోటు వచ్చింది, బెజవాడ తీసుకెళ్ళేలోపే పోయింది. నాన్న "దానికి టైమైపోయింది" అన్నాడు. ఆ మాటకి నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కానీ పెద్దకర్మ అయ్యేసరికి ఆయన అన్నం తింటున్నాడు, నిద్రపోతున్నాడు. నేను ఏళ్ళ తరబడి తెల్లవారుఝామున మూడింటికి లేచి ఆ ఫోన్ సంభాషణని తిరగరాస్తూ కూర్చున్నాను. ఆయాసమంటే ఈసీజీ తీయించమ్మా అని ఉంటే? పగ్గాలు మన చేతిలోనే ఉన్నాయనుకునేవాడికి బండి బోల్తా పడితే తప్పు కూడా వాడిదే అవుతుంది. పుస్తకాల్లో ఈ సంగతిని ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేస్తారు.

కెమెరాలు నేను పెట్టించింది అమ్మ పోయిన రెండో నెలలో. అవి నాన్న కోసమని నేను అందరికీ చెప్పాను, నాకూ చెప్పుకున్నాను.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను, హాల్లో కెమెరా మీద తువ్వాలు వేలాడుతోంది.

"ఇదేంటి నాన్నా?"

"ఆరేశాను."

"దొడ్లో దణ్ణెం ఉండగానా?"

జవాబు లేదు. రాత్రి మంచాలేసుకుని పడుకున్నాక తనే ఎత్తాడు. "ఒరేయ్, లుంగీ సర్దుకోవాలన్నా పైకి చూడాల్సొస్తోంది. కౌలు ఎవడికిస్తున్నావో నన్నో మాట అడిగావా? బండి తీసేయించావు. పడితే పడతాను. పడింది నా మోకాలు."

"ఈసారి తుంటి విరిగితే? ఎవరు చూస్తారు?"

"అది నీ భయం. దానికి మందు నా దగ్గర లేదు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. అలాగని నేను అన్నదాంట్లోనూ లేదు. విరిగితే మంచంలో పడేది ఆయనే కావచ్చు, కానీ పరిగెత్తుకు రావలసింది నేను, అంతకుముందు పరిగెత్తవలసింది అన్నయ్య. ఒక మనిషి తన మీద తనకున్న హక్కుని పూర్తిగా వాడుకుంటే, దాని ఖర్చు కొంత ఇంకొకరి ఖాతాలో పడుతుంది. అప్పుడు ఆ ఇంకొకరికి ఎంత మాట చెల్లుబాటవుతుంది? నాకు తోచిన సమాధానం, అడిగే హక్కు వరకే ఉంటుంది, తీసేసుకునే హక్కు ఉండదు అని. ఇది తేలిగ్గా రాసేశాను గానీ, మా ఆవిడా అన్నయ్యా ఇప్పటికీ ఒప్పుకోరు. వాళ్ళ వాదనకి నా దగ్గర గట్టి జవాబు కూడా లేదు.

వచ్చేముందు ఒక ఎకరం కౌలు నుంచి వెనక్కి తీసుకుని ఆయనకిచ్చాం. పాత మోపెడ్ ఒకటి కొన్నాం, హెల్మెట్ పెట్టుకుంటానన్న మాట మీద. ఆ మాట నిలబెట్టుకుంటున్నాడని నేను ప్రమాణం చెయ్యలేను. మూడు కెమెరాలు పీకించేసి, నాలుగోదాని స్విచ్చి ఆయన మంచం పక్కన పెట్టించాను. 1978లో షుల్జ్, హనూసా ప్రచురించిన పరిశీలన ఒకటి అప్పటికే నా బుర్రలో తిరుగుతోంది. వృద్ధుల దగ్గరికి కాలేజీ కుర్రాళ్ళు వచ్చి కబుర్లు చెప్పే ఏర్పాటు అది. కుర్రాడు ఎప్పుడు రావాలో, ఎంతసేపుండాలో కొందరు పెద్దవాళ్ళే నిర్ణయించేవారు. వాళ్ళు బాగా కోలుకున్నారు. ప్రయోగం అయిపోయి కుర్రాళ్ళు రావడం మానేశాక, వాళ్ళే అంతకంత దిగజారారు. అంటే ఇచ్చి వెనక్కి తీసుకోవడం, అసలు ఇవ్వకపోవడం కన్నా పాపం. రేపు నాన్నకి చూపు తగ్గితే బండి తాళం మళ్ళీ అడగాల్సొస్తుంది. అది ఎలా అడగాలో ఇప్పట్నించే ఆలోచిస్తున్నాను.

స్విచ్చి చేతికిస్తే ఎప్పుడూ ఆపే ఉంచుతాడనుకున్నాను. చిత్రం, చాలా రోజులు వేసే ఉంటోంది. ఆపిన రోజుల్లో మాత్రం నాకు పని మీద మనసు నిలవదు. ఈమధ్య ఒక రోజు వాళ్ళ సాయంత్రం నాలుగింటికి ఆపాడు. రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అన్నయ్యకి చేద్దామని నంబరు తీసి, చెయ్యకుండా ఊరుకున్నాను. మూడు గంటల తర్వాత ఆయనే చేశాడు. చేను దాకా వెళ్ళాడట, ఫోన్ ఇంట్లో మర్చిపోయాడట. యూరియా వేశావా నాన్నా అన్నాను, ఏదో ఒకటి అడగాలని. "ఇప్పుడు యూరియా ఏంట్రా, నీ మొహం" అన్నాడు.

వచ్చే సంక్రాంతికి వస్తావా అని అడిగాడు. "చూడాలి నాన్నా, నువ్వేమంటావు?" అన్నాను.

"సెలవిచ్చేది మీ ఆఫీసువాళ్ళు. నన్నడుగుతావేంట్రా?" అన్నాడు.