పేరడగని బాకీ

మొన్నామధ్య రైతుబజారులో వంకాయలు ఏరుకుంటూంటే, పక్కనున్న ఒకావిడ "నాన్నగారెలా ఉన్నారండీ? ఉప్పు తగ్గించారా?" అని అడిగింది. నేత చీర, చేతిలో సంచీ. ఎవరో దూరపు చుట్టం కాబోలనుకుని, "బాగానే ఉన్నారండీ" అని ఓ నవ్వు నవ్వి ఊరుకున్నాను. నా అవస్థ కనిపెట్టినట్టుంది, "క్యాజువాల్టీలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్నండీ" అంది. చేతిలో వంకాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆర్నెల్ల కిందట ఓ అర్ధరాత్రి నాన్నకి గుండెనొప్పి వస్తే ఆస్పత్రికి తీసుకుపోయాం. ఈసీజీ తీశారు, మందిచ్చారు, పడుకోబెట్టారు. ఇంతలో లారీ గుద్దిన కుర్రాణ్ణెవరో మోసుకొచ్చారు. సిస్టరు అటు పరుగెత్తింది. "ముందొచ్చింది మేం గదా, మమ్మల్ని చూసే దిక్కులేదా?" అని నేను గట్టిగానే కేకలేశాను. ఆవిడ నెత్తురు కారుతున్న కాలిని గుడ్డతో అదిమిపట్టి, తల తిప్పకుండానే, "మీ నాన్నగారి మీద ఓ కన్నుందండీ" అంది. ఆ మాట ఎంత నిజమో పావుగంటలో తేలింది. నాన్న నుదుటిమీద చెమట, పక్కనే కూర్చున్న నాకంటే ముందు ఆవిడకే కనిపించింది. నాడి చూసి, డాక్టరుగారికి కబురుపెట్టి, ఆయన వచ్చేలోగా కావలసినవన్నీ మంచం పక్కకి చేర్చింది. నాన్న బతికారు.

ఇంటికి పంపించిన రోజున డాక్టరుగారికి పళ్లబుట్ట ఇచ్చాం. మొక్కు ప్రకారం కొండకెళ్లి తలనీలాలిచ్చాం. ఆవిడ పేరు మాత్రం అడగలేదు.

దీన్ని కృతఘ్నత అందామా? కొంత అదే. కాని ఆ పనిలోనే ఓ చిక్కుంది. నర్సు తన పని బాగా చేస్తే, ఏమీ జరగదు. పడని మందు ఒంట్లోకి ఎక్కదు, మంచంమీంచి రోగి పడడు, రాబోయిన ఆపద గుమ్మంలోనే ఆగిపోతుంది. జరిగినదానికి దండ వెయ్యడం మనకు తెలుసు. జరగనిదానికి ఎవరి మెళ్లో వేస్తాం?

పైగా క్యాజువాల్టీలో వరస రేషన్ షాపు వరస లాంటిది కాదు. ఎవరు ముందొచ్చారని కాదు, ఎవరి ప్రాణం ముందు పోయేలా ఉందని అక్కడ లెక్క. నేను అన్యాయమని అరిచినదే అక్కడి న్యాయం.

మహా ఉపద్రవం వస్తే తప్ప నర్సు పేరు లోకానికి తెలియదు. 2008 నవంబరు 26 రాత్రి ముంబయి కామా ఆస్పత్రిలోకి ఉగ్రవాదులు చొరబడ్డప్పుడు, అక్కడి నర్సు అంజలీ కుల్తే తలుపులు మూసేసి, తన వార్డులోని 20 మంది గర్భిణుల్ని ఓ చిన్న గదిలో దాచింది. వాళ్లలో ఒకామెకి నొప్పులొస్తే, ఆ గండంలోనే గోడవారగా నడిపించుకుంటూ కాన్పుగదికి చేర్చింది. 2022 డిసెంబరులో, అంటే 14 ఏళ్లకి, ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఆమె చెప్పింది విన్నది. మన ప్రభుత్వం కూడా 1973 నుంచీ ఫ్లారెన్స్ నైటింగేల్ పేరుమీద నర్సులకి అవార్డులిస్తోంది. మంచిదే. కాని తుపాకులు పేలని మామూలు రాత్రుల మాటేమిటి?

ఆ రాత్రుల సంగతి వచ్చేసరికి మనం ఓ సుళువు కనిపెట్టాం. "మీరు దేవతలమ్మా" అనేస్తాం. దేవతకి నిద్ర అక్కర్లేదు, కూర్చోడానికి కుర్చీ అక్కర్లేదు, నెల తిరిగేసరికి జీతమూ అక్కర్లేదు. ఒక్కత్తే ఎంతమందినైనా చూడగలదు. దండం పెట్టేస్తే బాకీ చెల్లు! అదే మనిషి అంటే చిక్కు. ఇంతమంది రోగులకి ఒక్క సిస్టరేమిటని మనమే అడగాల్సొస్తుంది. తెల్లారి ఇంటికెళ్లాక ఆవిడకి కంటిమీద కునుకుందా అని ఆలోచించాల్సొస్తుంది. ముందొచ్చామని కేకలేసే ముందు నోరు కట్టుకోవాల్సొస్తుంది. గౌరవమంటే ఇదేనని నాకిప్పుడనిపిస్తోంది. ఇది దండంకన్నా ఖరీదైనది.

ఎన్ని వందల మంచాలో చూసినావిడ, మా నాన్న ఉప్పు సంగతి గుర్తుపెట్టుకుంది. ఒక్క మంచం పక్కన కూర్చున్న నేను, ఆవిడ ముఖం గుర్తుపట్టలేకపోయాను.

ఆ రోజు సిగ్గువిడిచి పేరడిగాను. చెప్పింది. ఆ రాత్రి అరిచినందుకు క్షమించమన్నాను. "అందరూ అరుస్తారండీ, భయంకొద్దీ" అని నవ్వి, బస్సు వేళయిందని వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి నాన్నతో, "ఆ సిస్టరు కనిపించింది, పేరేమిటో తెలుసా?" అన్నాను.

ఆయన తడుముకోకుండా చెప్పారు. "ఆ రాత్రే అడిగాన్రా" అన్నారు.

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వడిగావా?" అన్నారు నాన్న.